మరుపు మందు

ఆ గురువారం పొద్దున అనసూయ అనుకున్న పని చాలా చిన్నది. అమ్మ లేచి పొయ్యి అంటించేలోపు మోటరు బావి కాలువ గట్టు దాకా పోవాలి. దోసెడు సరస్వతి ఆకు కోసుకురావాలి. రోట్లో నూరి, గుడ్డలో వేసి పిండి, ఆ రసం తాత చేత తాగించాలి. అంతే. ఇందులో ఎవరినీ అడగాల్సింది లేదు, ఎవరికీ జవాబు చెప్పాల్సింది లేదు. అనసూయకు అలాంటి పనులంటేనే ఇష్టం. నలుగురి ముందు నోరు విప్పాల్సి వస్తే ఆ పిల్ల గొంతు అక్కడికక్కడే ఎండిపోతుంది. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తేదే గానీ పలికేది కాదు. గరిడేపల్లి హైస్కూల్లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయిన సంగతి కూడా ఇంట్లో తను చెప్పలేదు. పక్కింటివాళ్ళు పేపర్లో నంబరు చూసి చెప్పారు.

పాసయితే అయింది, చిక్కు ఆ తర్వాత వచ్చింది. చలికాలంలో ఒకనాడు అరుగు మీద కూర్చుని తాతకు పేపరు చదివి వినిపిస్తుంటే ఆయన ముచ్చటపడి, "పది పాసుగా బిడ్డా, పేట కాలేజిల నేనే చేర్పిస్త. ఎవడు అడ్డమొస్తడో సూస్త" అన్నాడు. పేట అంటే సూర్యాపేట. అక్కడ ఆడపిల్లలకు హాస్టలు ఉంది, లైబ్రరీ ఉంది, ఎవరి పెళ్ళికి ఎవరు ఏం పెట్టారో అడిగేవాళ్ళు లేరు. తాత దుర్గయ్య పటేలు మాట ఆ ఇంట్లో శిలాశాసనం. అనసూయ ఆ ఒక్క మాట పట్టుకుని పరీక్షలు రాసింది.

ఆ శాసనం చెక్కిన మనిషికి ఈమధ్య మతి జారిపోతోంది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే "ఇయ్యాల నాకు బువ్వ వెట్టరా?" అని కేకేస్తాడు. ఒంటి కాలికి చెప్పు తొడుక్కుని మెట్ట చెలక దాకా పోయి, రెండో చెప్పు ఎవడో ఎత్తుకుపోయాడని పంచాయితీ పెడతాడు. కాలేజీ సంగతి ఎత్తితే నాన్న జగదీశ్ గుంభనంగా నవ్వాడు.

"మా నాయన గట్ల అన్నడా? మంచిది. ఆదివారం కోదాడ నుంచి మా మేనత్త వస్తది. అందరు కూసున్నప్పుడు నాయన్నే అడుగుదం. ఆయన నోటితోటి అంటె నేను కాదంటనా? మా నాయన మాట నేనెన్నడన్న దాటిన్నా?"

ఆయన ఆ మాట అంటున్నప్పుడు తాత పక్కనే కూర్చుని, తన ముందున్న కంచం ఎవరిదని అడుగుతున్నాడు.

బుధవారం సాయంత్రం ట్రాన్సిస్టరులో ఎవరో డాక్టరు గారు మాట్లాడారు. ముసలితనంలో మతిమరుపు రాకుండా మన పెద్దవాళ్ళు సరస్వతి ఆకు రసం వాడేవారని, నీటి తడి ఉన్న ప్రతి గట్టు మీదా ఆ ఆకు పాకుతుందని చెప్పారు. ఎంత తాగాలో కూడా చెప్పబోయారు. సరిగ్గా అప్పుడే బ్యాటరీలు నీరసపడి డాక్టరు గారి గొంతు నూతిలోకి దిగిపోయింది. తక్కిన కథంతా ఆ వినబడని మాట వల్లే జరిగిందని అనుకోవచ్చు. కానీ నేరం బ్యాటరీల మీదికి నెట్టడం దేనికి, మనుషులున్నారు కదా.

గట్టు మీద అనసూయ వంగి ఆకు కోస్తుంటే వెనకనుంచి కడియాల చప్పుడు వినిపించింది. మంగ్లీ. తండా నుంచి వాళ్ళింట్లో అంట్లు తోమి వాకిలి ఊడవడానికి వస్తుంది. ఆమె మొగుడు బిచ్చా వాళ్ళ పొలంలోనే పని చేస్తాడు.

"చిన్నమ్మా, గదేం ఆకు?"

"సరస్వతి ఆకు."

"కూరకా?"

"కాదు... మందుకు." అనసూయ ఆకును పావడ ఒడిలోకి దాచుకుంది. మతిమరుపు తగ్గడానికి వాడే మందు అని చెప్పాలి. అంత పొడుగు మాట నోటికి రాలేదు. "మరుపు మందు. తాతకు. ఎవలకు చెప్పకు మంగ్లీ."

జ్వరం మందు తాగితే జ్వరం పోతుంది. నిద్ర మందు తాగితే నిద్ర వస్తుంది. మరి మరుపు మందు తాగితే మరుపు పోతుందా, వస్తుందా? మంగ్లీకి ఆ సందేహం రాలేదు. ఆమె విన్న మాటను విన్నట్టే చెంగున కట్టుకుని పోయింది.

తాతకు రసం తాగించడం పొలం దున్నినంత పని అయింది.

"ఛీ ఛీ, గిదేందే? కాకరకాయలు కడిగిన నీళ్ళా?"

"మంచిది తాతా. బెల్లం వేసిన."

"బెల్లం నాకు వెట్టి, నీళ్ళు గేదెకు పొయ్యి."

"కండ్లు మూసుకొని తాగు తాతా."

"కండ్లు మూస్తె నాలిక మూసుకుంటదా?" అని గొణిగి, ఎత్తిన లోట దించకుండా తాగేశాడు. తాగి మూతి తుడుచుకుని, "ఇంతకు నువ్వెవల బిడ్డవే?" అన్నాడు.

పని మొదలైంది గనుక ఫలితానికి తొందరపడకూడదని అనసూయ తనకు తాను చెప్పుకుంది.

ఆ మధ్యాహ్నం అంట్లు తోముతున్న మంగ్లీని అమ్మ లీలావతి అడిగింది. "పొద్దుగాల పోరి ఎటు వోయిందే? పావడ అంచు నిండ బురద."

మంగ్లీ కాసేపు బూడిదను గిన్నెకు రుద్దింది. పటేలమ్మ అడిగితే అబద్ధమాడే అలవాటు ఆమెకు లేదు. "పెద్ద పటేలుకు మరుపు మందు వోస్తున్నదట అమ్మా. చెప్పొద్దన్నది."

లీలావతి చేతిలోని చాట కింద పెట్టింది. ఆమె పుట్టిల్లు హాలియా. పెళ్ళినాడు వాళ్ళింట్లో పప్పు మాడింది. ఆ పప్పు గురించి మామ ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెబుతూనే ఉన్నాడు. మనవరాలి పేరు మరిచిపోయినా పప్పు మాత్రం మరవలేదు. ఆదివారం కోదాడ నుంచి అత్త వస్తుంది, పప్పు ఎలాగూ వస్తుంది. తాగితే మరిచిపోయే మందు ఒకటి లోకంలో ఉందంటే లీలావతికి దేవుడి మీద కొత్తగా నమ్మకం కలిగింది. పిల్ల ఎందుకు పోస్తోందని అడగాలనిపించలేదు. మనకు పనికొచ్చే మాటను ఎవరం రెండోసారి అడిగి తెలుసుకోం. రోటి పక్కన మిగిలిన ఆకు చూసింది. పొద్దుగూకే వేళకు తానూ ఒక స్టీలు గ్లాసు నింపింది. "అరుగుదలకు మంచిది మామా" అని చెప్పి తాగించింది.

మంగ్లీ ఇంటికి పోయి బిచ్చాకు చెప్పింది. బిచ్చా మర్నాడు పొలంలో జగదీశ్‌తో అన్నాడు. "పటేలా, పెద్దాయనకు చిన్నమ్మ మరుపు మందు వోస్తున్నదట గద?"

జగదీశ్ బీడీ ఆర్పేశాడు. ఆయనకు పప్పు బాధ లేదు. ఆయన బాధ కాలేజీ. నాయనకు ఆ మాట ఆదివారం దాకా యాదికి రాకుండా ఉంటే చాలు. మరిచిపోయే మందు సొంత కూతురే పోస్తుంటే అంతకంటే ఏం కావాలి? ఎందుకు పోస్తోందో ఆయనా అడగలేదు. "బిచ్చా, గా ఆకు ఇంకింత తెంపి నూరి తే. ఎవలకు చెప్పకు" అన్నాడు. సాయంత్రం తాత తాగే కల్లులో అది కలిసిపోయింది.

ఇలా ముసలాయన చేత ముగ్గురు మూడు రకాలుగా ఒకే రసం తాగించారు. ఒకరు యాదికి రావాలని, ఇద్దరు యాదికి రావొద్దని. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు.

శుక్రవారం సాయంత్రం అరుగు మీద తాత, ఆయన జతగాడు సైదయ్య చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. సైదయ్యకు పనులన్నీ కొడుకులకు అప్పగించాక మిగిలిన పని ఇదొక్కటే. తాత ఉన్నట్టుండి నడుం నిటారుగా చేసుకుని కూర్చున్నాడు.

"సైదా, మా జగదీశు పెండ్లి యాదికున్నదా?"

"ఉండకేం. పప్పు మాడింది."

"పప్పొక్కటే కాదురా. ఆ పూట పెరుగుల బల్లి వడ్డది. హాలియోల్లు బల్లిని దీసి గోడవతలికి ఇసిరి, మల్ల గదే పెరుగు వడ్డించిన్రు. నీ విస్తట్ల గూడ ఏసిన్రు."

సైదయ్య చుట్ట నోట్లోంచి తీసి, దూరంగా ఉమ్మేశాడు. తలుపు చాటున లీలావతి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్ళూ పప్పుతో పోయింది, ఇప్పుడు బల్లి కూడా బయటికొచ్చింది. మందు చాలడం లేదనుకుంది. ఆ రాత్రి గ్లాసుకు బదులు చెంబు తెచ్చింది.

మర్నాడు పొద్దున పొలంలో జగదీశ్ కూలీల ముందు తన చదువు గొప్ప చెప్పుకుంటున్నాడు. "నేను పేటల ఇంటర్ సదివేటప్పుడు..." అని మొదలుపెట్టాడో లేదో, గట్టు మీద వేసిన గడంచె మంచం మీద నుంచి తాత గొంతు వినిపించింది.

"పది తప్పినోనికి ఇంటర్ల సీటెవడిచ్చిండ్రా? కాలేజికని బియ్యం మూట కట్టుకొని పోయి, టాకీస్‌ల టిక్కెట్లు చింపితివి గద. నేనొచ్చి పట్టుకుంటె గేటు ఎనక దాక్కుంటివి."

కూలీలు నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియక ఒంగి లేని కలుపు పీకారు. జగదీశ్ ఇంటికి పోయి బిచ్చాతో తట్టెడు ఆకు తెప్పించాడు.

అనసూయ మాత్రం ఇదంతా చూసి మురిసిపోయింది. తన రసమే పని చేస్తోందనుకుంది. తాత పక్కన చేరి మెల్లిగా అడిగింది.

"తాతా, పేట యాదికున్నదా?"

"ఎందుకు లేదే? వాగులు దాటి ఎడ్లబండి మీద పోతుంటిమి. నాకు అప్పుడు మీసాలు రాలే."

"గప్పటిది కాదు తాతా. మొన్నటిది. చలికాలంది."

"మొన్న ఏమైంది?" అన్నాడు తాత అమాయకంగా.

ఆ పిల్లకు అర్థమైంది. తాత బుర్ర అటక లాంటిది. సామాను దిగుతోంది గానీ, అడుగున పడ్డ పాతది ముందు దిగుతోంది. మీద పెట్టిన కొత్త మూట ఎక్కడో మూలకు దొర్లిపోయింది. అది కూడా దిగాలంటే ఇంకో లోట పొయ్యక తప్పదు. పోసింది.

ఆ సాయంత్రానికి తాత కడుపు తిరగబడింది. చెంబు పట్టుకుని చెలక వైపు పోవడం, వచ్చి కూర్చోబోవడం, కూర్చోకుండానే మళ్ళీ పోవడం. కళ్ళు లోతుకు పోయాయి. సైదయ్య వచ్చి అరుగు మీద ఆకుపచ్చ మడ్డి పట్టిన లోట చూశాడు, కిటికీలో చెంబు చూశాడు, కల్లు ముంత వంచి చూశాడు. అన్నిటి అడుగునా అదే మడ్డి. ఆయన గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తేనే ఊరంతా వింటుందని ఆయనకు తెలుసు.

"పటేలా, నీకెవలో మందు వెట్టిండ్రు."

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మందు పెట్టడమంటే వైద్యం కాదు. గిట్టనివాళ్ళు తిండిలో ఏదో కలిపి పెడతారట. అది కడుపులో ముద్ద కట్టుకుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. దానికి దవాఖానలో మందు లేదట, మందు తీసేవాడే ఉన్నాడట.

"మిర్యాలగూడ అవుతల మత్తయ్య అని ఉన్నడు. కడుపు మీద గొట్టం వెట్టి గుంజుతడు. తెల్లారంగనే జీపు కట్టుడే" అన్నాడు సైదయ్య.

జగదీశ్‌కు గుండెలో రాయి పడింది. వద్దంటే నీకెందుకు భయమని అడుగుతారు. "పోదం, పోవాలె, నాయన కంటె ఎక్కువేముంది" అని అందరికంటే గట్టిగా అన్నాడు. లీలావతి తాను రానంది. అత్తకు వంట చేయాలి కదా. అనసూయ చెంబు పట్టుకుని జీపు ఎక్కింది.

దారిలో నిజం చెప్పేద్దామని ఆ పిల్ల ఎన్నోసార్లు నోరు తెరిచింది. తెరిచినప్పుడల్లా జీపు గేరు మారింది. ఒకసారి "నాయనా, నేనే..." అని పైకి వచ్చేసింది కూడా. "కక్కొస్తుందా? కిటికీ దిక్కు జరుగు" అన్నాడు జగదీశ్.

మత్తయ్య ఇంటి ముందు పది మంది దాకా కూర్చుని ఉన్నారు, అందరూ తమకు ఎవరో మందు పెట్టారని వచ్చినవాళ్ళే. మత్తయ్య తాతను చాప మీద పడుకోబెట్టి, బొడ్డు మీద ఇత్తడి గొట్టం ఆనించి, దవడలు ఉబ్బేలా పీల్చి, రుమాలులోకి ఉమ్మాడు. రుమాలులో రేగుపండంత నల్లటి ముద్ద. సైదయ్య చేతులు జోడించాడు.

తాత లేచి కూర్చుని ముద్దను చూడలేదు. మత్తయ్య మొహాన్ని చూశాడు, తల అటు వంచి, ఇటు వంచి.

"నువ్వు హాలియా అంగట్ల కోతిని ఆడిస్తుంటివి గదరా?"

మత్తయ్య రుమాలు మడిచేశాడు. "నేనా? ఏం మాట్లాడుతున్నవ్ పెద్దమనిషీ?"

"నువ్వే. కోతికి ఎర్ర లాగు. నువ్వు గుడ్డలకెల్లి గుడ్డు దీసేటోనివి, గిట్లనే, ఎడమ చేతి రుమాల్లకెల్లి. ఒకనాడు కోతి నిన్ను కరిచి తప్పిపోయింది. అంగడంతా ఉరికినవ్. కోతి దొరికిందా?"

చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఇద్దరు లేచి చెప్పులు వేసుకున్నారు. మత్తయ్యకు తక్కిన ఎనిమిది మందినైనా నిలుపుకోవాల్సిన అవసరం వచ్చింది. కళ్ళు మూసుకుని గంభీరంగా పలికాడు. "మందు వెట్టింది ఆడమనిషి. ఇంటి మనిషి గాదు. ఇంట్ల తిరిగే మనిషి."

జగదీశ్ నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. "మంగ్లీ!" అన్నాడు. సైదయ్య కూడా "తండా మనుషులు" అని తల ఊపాడు. ఇద్దరికీ ఆ పేరు ఎంత తొందరగా దొరికిందో చూసి అనసూయ చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

ఇంటికి వచ్చేసరికి కోదాడ అమ్మమ్మ నడింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె తాతకు సొంత చెల్లెలు, జగదీశ్ చెప్పిన మేనత్త. ఇంటి ముందు అప్పటికే సగం ఊరు ఉంది. జీపు వచ్చేలోపే కబురు వచ్చింది మరి. వాకిలి ఊడుస్తున్న మంగ్లీని జగదీశ్ మధ్యలోకి పిలిచాడు.

"చెప్పే. మా నాయనకు ఏం మందు వెట్టినవ్?"

మంగ్లీ చేతిలో చీపురు అలాగే ఉంది. "నేనేం వెట్టిన పటేలా?"

"నువ్వు గాక ఇంకెవలు? ఇంట్ల తిరిగేది నువ్వే."

"తిరుగుత. అంట్లు తోముత, వాకిలి ఊడుస్త. నన్ను బువ్వగిన్నె ముట్టనిస్తరా మీరు? నీళ్ళ బిందె ముట్టనిస్తరా? ముట్టందే మందు ఎట్ల వెట్టాలె పటేలా? నువ్వే చెప్పు."

జవాబు లేనప్పుడు జగదీశ్‌కు కోపం ఎక్కువవుతుంది. "నోరు లేస్తున్నదేం? తండా పెద్దమనిషిని పిలువుర్రి, దీని సంగతి..."

"నేనే వోసిన."

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. ఇంట్లోవాళ్ళకు కూడా ఆ గొంతు అంత గట్టిగా పరిచయం లేదు. అనసూయ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. "మంగ్లీకేం తెల్వదు. నేనే ఆకు తెచ్చి నూరి వోసిన. అది మందు వెట్టుడు గాదు. మతిమరుపు పోతదని రేడియోల చెప్పిన్రు. తాతకు యాదికి రావాలని వోసిన."

"మరుపు పోతదా?" లీలావతి నోటి నుంచి మాట జారింది.

"పోతదా?" జగదీశ్ నోటి నుంచి అదే మాట, అదే క్షణాన జారింది.

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాత వేలు ఎత్తాడు. ఆయన మతి ఇప్పుడు కొత్తగా పదును పెట్టిన కొడవలిలా ఉంది.

"నా మనుమరాలు పొద్దుగాల లోటల వోసింది. గది యాదికున్నది. మరి మాపటేల స్టీలు గిలాసల ఎవలు తెచ్చిండ్రు? కల్లుల ఎవడు కలిపిండు?"

లీలావతికి వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చి లోపలికి పోయింది. జగదీశ్ దూలాల్లో సాలెగూళ్ళు చూశాడు. ఊరంతా నవ్వింది. ఆ నవ్వుల్లో ఎవరో మంగ్లీతో "పో, నీ పని సూస్కో" అన్నారు. ఆమె పోయి వాకిలి మిగతా సగం ఊడ్చింది. ఆమెకు జరిగిన అవమానానికి ఆ ఒక్క మాటతో పంచాయితీ ముగిసింది.

"ఏం యాదికి రావాలనే బిడ్డా?" అన్నాడు తాత.

"నువ్వన్న మాట తాతా. నాకన్న మాట."

తాత కళ్ళు మూసుకున్నాడు.

"చలికాలం. అరుగు మీద ఎండ. నువ్వు పేపరు సదువుతున్నవ్, 'ప్రధానమంత్రి' దగ్గర ఆగి మంచినీళ్ళు తాగినవ్." తాత కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "పది పాసుగా, పేట కాలేజిల నేనే చేర్పిస్తనన్న. అన్న. నిజమే, అన్న."

అనసూయకు కళ్ళ ముందు హాస్టలు గేటు తెరుచుకుంది. స్తంభాన్ని వదిలేసింది. ఆ పిల్లకు ఇప్పుడు దేని ఆసరా అక్కర్లేదు.

జగదీశ్ మొహం వాడిపోయింది. అందరి ముందు అన్న మాట. పక్కన మేనత్త, ఎదురుగా ఊరు. "సరే. మా నాయన మతి ఇంత గట్టిగున్నంక నేనేం చెప్పేదుంది? ఆయన మాట నేను దాట. పెద్దమనుషులందరు సాచ్చెం."

"ఆగు" అన్నాడు తాత. ఇంకా కళ్ళు తెరవలేదు. "ఇంకోటున్నది... దాని కిందనే ఉన్నది... చెల్లే, ఈ పోరిని ఉయ్యాల్ల ఏసిన్నాడు నువ్వు కోదాడ నుంచి వచ్చినవ్ గద? అద్దకం చీర కట్టినవ్. వాన. బస్సు లేక లారీల వచ్చినవ్."

"వచ్చానన్నా" అంది అమ్మమ్మ. "చీర మొత్తం తడిసింది."

"నీ మనుమడు నీ సంకల ఉన్నడు. చీమిడి ముక్కు. ఉయ్యాల తాడు పట్టుకొని వదల్లే. అప్పుడు నేను నీ చేతిల చెయ్యేసి ఏమన్న?"

అమ్మమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో నా మతి మండ! ఈ పిల్లని మా శ్రీనివాసుకే ఇస్తానన్నావు! నాకు గుర్తే లేదన్నా. మొన్న వాడికి నేరేడుచర్ల సంబంధం చూడబోయాం కూడాను!"

"నాకున్నది" అన్నాడు తాత గర్వంగా, కళ్ళు తెరిచి. "అన్నీ యాదికున్నయి."

అనసూయ చెయ్యి తనంతట తానే వెనక్కి పోయి స్తంభాన్ని వెతుక్కుంది. "తాతా... మరి కాలేజి?"

"నీకిచ్చింది మొన్నటి మాట బిడ్డా. నా చెల్లెకిచ్చింది నువ్వు పుట్టిన్నాటి మాట. ఏది ముందు? నువ్వే చెప్పు, సదువుకున్నదానివి."

అనసూయకు జవాబు ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కానీ ఇందాక మంగ్లీ కోసం ఉన్న గొంతంతా ఖర్చయిపోయింది. తన కోసం మిగల్లేదు. నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. పెళ్ళికూతురి సిగ్గనుకుని ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

"మా నాయన మాట నేను దాట" అని జగదీశ్ మళ్ళీ అన్నాడు. ఈసారి ఆయన గొంతులో ఎక్కడా బరువు లేదు. వంటింట్లోంచి లీలావతి పాయసం గిన్నెతో వచ్చింది. ఏదీ మాడలేదు.

"అయితే అదృష్టమే" అంది అమ్మమ్మ కుర్చీలో సర్దుకుని. "మావాడిది మందుల షాపేగా."

మెడికల్ షాపు కాబోలు, కోదాడలో కాలేజీ కూడా ఉంటుంది కదా అని అనసూయ ఒక్క క్షణం ఆశపడింది. "వరికి కొట్టే పురుగుమందులు. మెయిన్ రోడ్డు మీదే షాపు" అని అమ్మమ్మ వివరం చెప్పింది. "ఆకు తేవటం వచ్చు, నూరటం వచ్చు, నోరెత్తకుండా తాగించటం వచ్చు. ఆడపిల్లకి ఇంతకన్నా ఏం చదువు కావాలిరా జగదీశూ?"

అందరూ అవునన్నారు. తాత అందరికంటే ముందు అన్నాడు.

సాయంత్రం కోదాడ బస్సు ఎక్కేముందు అమ్మమ్మ, పదో తరగతి మూడోసారి రాయబోతున్న శ్రీనివాసు కోసం, ఒక సీసాడు రసం అనసూయ చేతనే నూరించి పట్టుకుపోయింది.